మృతులే అతిథులైన చోట పర్యాటకుడికి చోటెక్కడ? మెక్సికో ‘దీయా దే ముయెర్తోస్’పై ఒక విశ్లేషణ

సంక్షిప్తంగా: మెక్సికోలో ఏటా నవంబర్ 1, 2 తేదీల్లో జరిగే ‘దీయా దే ముయెర్తోస్’, అంటే మృతుల దినం, పేరిట పర్యాటకులకు కనిపించేవి రెండు వేర్వేరు వేడుకలు. ఒకటి 2016లో పుట్టిన నగర ఊరేగింపు. రెండోది ఇళ్లలోనూ శ్మశానాల్లోనూ కుటుంబాలు తమవాళ్లకు చేసే ఆతిథ్యం. ఈ రెండోదానిలో అసలు అతిథులు మృతులే కాబట్టి, బయటివారికి చోటుందా లేదా అన్నది ఒక్కో ఊరు ఒక్కో రకంగా తేల్చుకుంది. ఆ తేడాలకు కారణాలేమిటి, పర్యాటకం వాటిని ఎటు నెడుతోంది అన్నవే ఈ వ్యాసంలో చర్చకు వచ్చే అంశాలు.

ఒకే పేరు, రెండు వేడుకలు

అక్టోబర్ చివరి వారం వచ్చిందంటే సామాజిక మాధ్యమాల్లో పుర్రె ముఖాల అలంకరణలు, తలనిండా బంతిపూలు, మెక్సికో సిటీ నడివీధిలో కదిలే భారీ అస్థిపంజరం బొమ్మలు కనిపించడం మొదలవుతుంది. వాటిని చూసినవారికి ఇది హాలోవీన్‌కు మరో రూపమనో, చావును ఎగతాళి చేసే జాతర అనో అనిపిస్తే ఆశ్చర్యం లేదు. సమాధి పక్కన దుప్పటి కప్పుకొని, కొవ్వొత్తులు కొండెక్కకుండా చూసుకుంటూ రాత్రంతా కూర్చున్న ముసలమ్మ ఫొటో కూడా సరిగ్గా అదే పేరుతో తిరుగుతుంటుంది. అయోమయం మొదలయ్యేది ఇక్కడే. ఈ రెండు దృశ్యాల వయసు వేరు, వాటిని నడిపించేవారు వేరు, అవి ఎవరి కోసం జరుగుతున్నాయన్నదీ వేరు.

యునెస్కో గుర్తింపు గురించి చెప్పేటప్పుడు కూడా ఈ తేడా తరచూ మరుగున పడుతుంది. 2003లో విశిష్ట వారసత్వంగా ప్రకటించి, 2008లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది ఆదివాసీ సమాజాలు తమ మృతుల కోసం జరుపుకొనే పండుగను. నగర ఊరేగింపు అప్పటికి ఇంకా పుట్టనే లేదు.

తేదీల వెనుక లెక్క

పండుగకు పునాది కేథలిక్ పంచాంగం. నవంబర్ 1 సకల పరిశుద్ధుల దినం, నవంబర్ 2 సకల ఆత్మల దినం. మెక్సికోలో ఈ రెండు రోజులను మృతుల వయసును బట్టి పంచుకున్నారు. అక్టోబర్ 31 రాత్రి నుంచి నవంబర్ 1 దాకా చిన్నతనంలోనే పోయిన పిల్లలు వస్తారని, వారు వెళ్లాక పెద్దలు వచ్చి నవంబర్ 2న తిరిగి వెళ్తారని నమ్మకం. పిల్లలను ‘అంహెలీతోస్’, అంటే బుల్లి దేవదూతలు, అంటారు. వారి కోసం పెట్టే భోజనంలో కారం ఉండదు, పళ్లేలూ బొమ్మలూ చిన్నవిగా ఉంటాయి. చాలా ప్రాంతాల్లో అక్టోబర్ 28ని ప్రమాదాల్లోనో హింసవల్లనో పోయినవారికి కేటాయిస్తారు. పెంపుడు జంతువుల కోసమంటూ ఈమధ్య ప్రచారంలోకి వచ్చిన అక్టోబర్ 27కు మాత్రం అంత పాత చరిత్ర లేదు.

పోయిన తీరును బట్టి మృతులను వేరు చేయడం తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు. మహాలయ పక్షంలో ఎవరి తిథి నాడు వారికి పెట్టినా, ఆయుధం వల్లనో దుర్ఘటనలోనో పోయినవారికి చతుర్దశిని ప్రత్యేకించిన పద్ధతి ఉంది. తేడా ఏమిటంటే, ఇక్కడ తిథి ప్రకారం ఒక్కో ఇంటి తద్దినం ఒక్కో రోజున వస్తుంది కాబట్టి అది ఇంటి వ్యవహారంగానే మిగిలిపోతుంది. మెక్సికోలో ఊరంతటి మృతులూ ఒకే రాత్రి వస్తారు. వీధి, బజారు, శ్మశానం అన్నీ ఒక్కసారే వెలగడానికి, అది బయటివారి కళ్లలో పడి పర్యాటకానికి పనికిరావడానికి మూలకారణం ఈ పంచాంగమే.

ఒఫ్రెండా: దారి చూపి, దాహం తీర్చి, అన్నం పెట్టే ఏర్పాటు

ఇంట్లో మృతుల కోసం అమర్చే నైవేద్య పీఠాన్ని ‘ఒఫ్రెండా’ అంటారు. పర్యాటకులు దీన్ని అలంకరణగా చూస్తారు గానీ, దానిలోని ప్రతి వస్తువుకూ ఒక పని ఉంది. దూర ప్రయాణం చేసి వచ్చినవారికి ముందు దాహం వేస్తుంది కాబట్టి గ్లాసుతో నీళ్లు పెడతారు. శుద్ధి కోసం ఉప్పు. వెలుగు కోసం కొవ్వొత్తులు, చాలా ఇళ్లలో మనిషికొకటి చొప్పున. వాసన పట్టుకొని ఇల్లు గుర్తుపట్టడానికి కోపాల్ పొగ. ఇది మన సాంబ్రాణి లాంటి చెట్టు బంక, స్పెయిన్‌వారు రాకముందు నుంచీ ఆ నేలపై పూజల్లో వాడుకలో ఉన్నదే. వీధి గుమ్మం నుంచి పీఠం దాకా బంతిరేకులతో ఒక బాట పరుస్తారు. రంగు, వాసన రెండూ దారి చూపాలన్నది ఉద్దేశం. పైన గాలికి కదిలే కత్తిరింపు కాగితాలు, వాటి మధ్య ఫొటో, ఫొటో ముందు ఆ మనిషికి బతికుండగా ఇష్టమైనవి. మోలే కూర కావచ్చు, మొక్కజొన్న పిండితో ఆవిరిపై ఉడికించిన తమాలే కావచ్చు, మెస్కాల్ మద్యమో సిగరెట్టో శీతల పానీయమో కావచ్చు.

మృతులు పదార్థాన్ని తినరు, దాని సారాన్ని, సువాసనను మాత్రమే తీసుకుంటారని నమ్మకం. అందుకే పండుగ ముగిశాక తీసిన భోజనం చప్పబడుతుందని పెద్దవాళ్లు చెబుతారు. ఆ నమ్మకంలోనే ఒక ఆచరణాత్మక సౌలభ్యం కూడా ఉంది. అతిథి తిన్న తర్వాత కూడా పళ్లెం నిండుగానే ఉంటుంది, దాన్ని ఇరుగుపొరుగుకు పంచవచ్చు.

ఈ పీఠంపై పూల సంగతి కొంచెం ఆగి చూడదగినది. మెక్సికో ఆదివాసీ భాష నవాత్ల్‌లో ‘సెంపోవల్‌షోచిత్ల్’, అంటే ఇరవై రేకుల పువ్వు, నేటి స్పానిష్ నోట ‘సెంపసూచిల్’ అయింది. తెలుగువారి గుమ్మాలకు తోరణమయ్యే బంతిపువ్వు అదే. దాని పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. అమెరికా ఖండాలకు సముద్రమార్గం ఏర్పడ్డాకే అది భారతదేశానికి చేరింది. దసరాకూ బతుకమ్మకూ అది లేనిదే కుదరదన్నంతగా కలిసిపోయిన పువ్వు ఇక్కడికి వచ్చి అయిదు వందల ఏళ్లు కూడా దాటలేదు. ఒఫ్రెండాపై బంతి పక్కనే ఉండే ముదురు ఎరుపు కోడిజుట్టు పువ్వు, బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వుకు దగ్గరి చుట్టం.

మూలాలపై ఎడతెగని వాదన

‘మూడు వేల ఏళ్ల నాటి అజ్టెక్ పండుగ’ అన్న వాక్యం పర్యాటక ప్రకటనల్లో తరచూ కనిపిస్తుంది. చరిత్ర అంత సూటిగా లేదు. అజ్టెక్‌లుగా పేరుపడ్డ మెక్సికా ప్రజల పంచాంగంలో మృతులకు సంబంధించిన రెండు ఇరవై రోజుల మాసాలు ఉండేవి. వాటిలో ఒకటి చిన్న మృతులకు, రెండోది పెద్ద మృతులకు. అయితే అవి వచ్చేది నవంబర్‌లో కాదు, దాదాపు ఆగస్టు ప్రాంతంలో. 16వ శతాబ్దంలో డొమినికన్ అనే కేథలిక్ సన్యాసుల సభకు చెందిన దియేగో దురాన్ ఒక విషయం గమనించి ఆందోళన పడ్డాడు. సకల పరిశుద్ధుల దినాన పిల్లల కోసం, మర్నాడు పెద్దల కోసం స్థానికులు నైవేద్యాలు పెట్టడం చూసి, పాత పండుగే కొత్త తేదీల్లోకి జరిగి చర్చి ముసుగు వేసుకుందేమోనని అనుమానించి రాసిపెట్టాడు.

మరోవైపు, చరిత్రకారిణి ఎల్సా మల్వీదో, అమెరికన్ మానవశాస్త్రవేత్త స్టాన్లీ బ్రాండెస్ వంటివారు ఈ పండుగలోని ఐరోపా పాలును గట్టిగా గుర్తుచేశారు. సకల ఆత్మల దినాన సమాధుల దర్శనం, ప్రత్యేకమైన రొట్టెలు, చక్కెర బొమ్మలు స్పెయిన్‌లోనూ ఇటలీలోనూ ఉన్నవే. పైగా గోధుమ, చెరకు రెండూ మెక్సికోకు స్పెయిన్‌వారితో వచ్చిన పంటలు. ఎముకల ఆకారంలో పిండి అతికించి కాల్చే ‘పాన్ దే ముయెర్తో’ రొట్టె గానీ, నుదుటిపై పేరు రాసిన చక్కెర పుర్రె గానీ ఆ రెండు పంటలు రాకముందు సాధ్యమయ్యేవి కావు. తొలూకా నగరంలో ఈ చక్కెర బొమ్మల కోసమే ఏటా ఒక సంత జరుగుతుంది. ఆ చక్కెర పాకానికి స్పానిష్ పేరు ‘అల్ఫెనీకే’. నిఘంటువుల ప్రకారం అది అరబ్బీ నుంచి, అరబ్బీకి పారశీకం నుంచి, పారశీకానికి సంస్కృత ‘ఫాణితం’ నుంచి వచ్చింది. చెరకు రసం కాచి చిక్కబరిచిన పాకం అనే అర్థంలో ఆయుర్వేద గ్రంథాల్లో కనిపించే మాట, సగం ప్రపంచం చుట్టి మెక్సికో పుర్రెలోకి చేరింది.

ఈ వాదనలో ఎవరో ఒకరు గెలవాలనుకోవడమే పొరపాటుగా కనిపిస్తుంది. తేదీలు చర్చివి. పువ్వు, పొగ, మొక్కజొన్న ఆ నేలవి. రొట్టె, చక్కెర ఓడల్లో వచ్చినవి. వీటిని కలిపి ఒక్కటిగా చేసింది ఊళ్లలోని కుటుంబాలు, అదీ కొన్ని శతాబ్దాల మీద. దానికి ‘జాతీయ పండుగ’ అన్న హోదా ఇచ్చింది మాత్రం రాజ్యమే. 1910లో మొదలైన విప్లవం తర్వాత, దేశానికి ఐరోపాది కాని ఒక ముఖం కావలసి వచ్చినప్పుడు చిత్రకారులు, విద్యాశాఖ, మేధావులు మృతుల పండుగను ఆ ముఖంగా ముందుకు తెచ్చారు. ఒఫ్రెండా సంప్రదాయం అంతగా లేని ఉత్తర రాష్ట్రాలకు కూడా అది తర్వాతి దశాబ్దాల్లో బడుల ద్వారా, కొంత హాలోవీన్‌కు పోటీగా, పాకింది.

అచ్చు బొమ్మ నుంచి సినిమా దాకా

పూల టోపీ పెట్టుకున్న అస్థిపంజరం స్త్రీ, ‘కత్రీనా’, నేడు పండుగకు గుర్తుగా మారింది. ఆమెకు మతంతో గానీ సమాధులతో గానీ సంబంధం లేదు. అగ్వాస్కలియెంతెస్‌లో పుట్టిన చిత్రకారుడు హోసే గ్వాదలూపే పొసాదా (1852–1913) చౌక కాగితాలపై అచ్చయ్యే వ్యంగ్య బొమ్మలు చెక్కేవాడు. తమ ఆదివాసీ పుట్టుకను దాచుకొని ఐరోపా దొరసానుల్లా వేషం వేసేవారిని వెక్కిరిస్తూ అతడు గీసిన పుర్రెకు టోపీ తప్ప ఒంటి మీద మరేమీ లేదు. 1947లో చిత్రకారుడు దియేగో రివేరా మెక్సికో సిటీలోని అలమేదా తోటపై వేసిన కుడ్యచిత్రంలో ఆమెకు ఒళ్లూ, పొడుగు గౌనూ వచ్చాయి. ఆమె చేయి పట్టుకొని పొసాదా, మరో పక్క బాలుడి రూపంలో రివేరా నిలబడి ఉంటారు. వెక్కిరింత కోసం గీసిన బొమ్మ క్రమంగా గౌరవ చిహ్నమైంది. నేడు ముఖానికి సగం పుర్రె రంగు వేయించుకునే పర్యాటకులలో ఎంతమంది తామే ఆ వెక్కిరింత గురి అని గుర్తిస్తారో చెప్పలేం.

నగర ఊరేగింపు కథ ఇంకా చిత్రమైనది. 2015లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం ‘స్పెక్టర్’ మెక్సికో సిటీలో ఒక భారీ మృతుల దిన ఊరేగింపుతో మొదలవుతుంది. అలాంటి ఊరేగింపు అంతకుముందు ఆ నగరంలో లేదు, సినిమా కోసం కల్పించినదే. ఆ దృశ్యాన్ని చూసి పర్యాటకులు వెతుక్కుంటూ వస్తారని భావించిన అధికారులు 2016 అక్టోబర్ 29న నిజమైన ఊరేగింపు నిర్వహించారు. అప్పటినుంచి అది ఏటా జరుగుతోంది. కల్పన ముందు, ఆచారం తర్వాత అన్నమాట. అయినా దాన్ని ఉత్త నాటకమని కొట్టిపారేయడం కూడా తొందరపాటే. 2017లో, సెప్టెంబర్ 19 భూకంపం జరిగిన కొన్ని వారాలకే వచ్చిన ఊరేగింపు ఆ భూకంప మృతులకు నివాళిగా సాగింది. నగరం తన సొంత దుఃఖాన్ని అందులో పోసుకున్నప్పుడు అద్దె వేషం కాసేపు సొంత బట్ట అయింది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు గ్రంథాలయాల్లో, పిల్లల బడుల్లో చూసే ఒఫ్రెండాలది వేరే దారి. 1970ల ఆరంభంలో లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాల్లో మెక్సికన్ మూలాలున్న చికానో కళాకారులు తమ గుర్తింపు ఉద్యమంలో భాగంగా ఈ పండుగను వీధుల్లోకి, గ్యాలరీల్లోకి తెచ్చారు. అక్కడ అది మొదటి నుంచీ బహిరంగ కళ, కొంత రాజకీయం.

ఊరికో మర్యాద

పర్యాటకుడికి అసలు ఉపయోగపడే తేడాలు ఇక్కడ ఉన్నాయి. మృతులను పిలిచి అన్నం పెట్టడం అన్ని చోట్లా ఒకటే. మూడో మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది మాత్రం ఊరికో రకం.

ప్వెబ్లా రాష్ట్రంలోని వాకెచూలాలో బయటివారికి చోటు సంప్రదాయంలోనే ఉంది. గడిచిన ఏడాది కాలంలో ఎవరైనా పోయిన ఇళ్లు మాత్రమే అక్కడ తెల్లని శాటిన్ బట్టతో, పైకప్పును తాకేటంత ఎత్తున, అంతస్తుల పీఠాలు కడతాయి. ఫొటోను నేరుగా కాకుండా అద్దంలో ప్రతిబింబంగా కనబడేట్టు పెట్టడం అక్కడి ప్రత్యేకత. వీధి నుంచి బంతిరేకుల బాట ఉన్న ఇంటి తలుపు తెరిచి ఉంటుంది. ఎవరైనా ఒక కొవ్వొత్తో పూలో పట్టుకొని లోపలికి వెళ్లి, పీఠం ముందు కాసేపు నిలబడితే, ఇంటివారు రొట్టె, చాక్లెట్ పానీయం లేదా భోజనం పెడతారు. వచ్చిన వారి సంఖ్య పోయిన మనిషికి గౌరవం. అపరిచితుడు ఇక్కడ అడ్డు కాడు, అవసరం. మోరెలోస్ రాష్ట్రంలోని ఒకోతెపెక్‌లోనూ ఇలాంటి మర్యాదే నడుస్తుంది.

మిచోవకాన్ రాష్ట్రంలో పాట్స్‌క్వారో సరస్సు చుట్టూ ఉన్న పురేపెచా ఆదివాసుల ఊళ్లది మరో స్వభావం. హనిత్సియో ద్వీపంలో, త్సిన్‌త్సున్‌త్సాన్‌లో నవంబర్ 1 రాత్రి నుంచి తెల్లవారేదాకా స్త్రీలు సమాధుల దగ్గర దాదాపు మౌనంగా జాగరణ చేస్తారు. ఇక్కడ చూసేవారికి చేయడానికి పనేమీ లేదు. తెచ్చిన కొవ్వొత్తికి బదులు పెట్టే భోజనం లేదు. ఆ రాత్రి నిర్మాణంలో ప్రేక్షకుడనే పాత్రే లేదు. 1970ల తొలినాళ్లలో రాష్ట్ర పర్యాటక శాఖ ఈ ఊళ్లను ప్రచారం చేయడం మొదలుపెట్టాక ఆ పాత్ర బయటినుంచి వచ్చి చేరింది. వేల మంది కెమెరాలతో సమాధుల మధ్య ఇరుకు దారుల్లో నడవడం వల్ల ఏర్పడే ఒరిపిడికి ఇదే మూలం. నవంబర్ తొలి రోజుల్లోనే ఉత్తరాది నుంచి ఈ రాష్ట్రపు అడవులకు చేరే మోనార్క్ సీతాకోకచిలుకలను తిరిగివచ్చిన ఆత్మలుగా భావిస్తారు. పిండం ముట్టే కాకి కోసం ఎదురుచూసే వారికి ఆ భావన విడమరచి చెప్పనక్కర్లేదు.

మెక్సికో సిటీ శివారులోని మీస్కిక్‌లో చర్చి చుట్టూనే శ్మశానం ఉంటుంది. నవంబర్ 2 సాయంత్రం ‘అలుంబ్రాదా’, అంటే దీపాల వేళ, కొన్ని గంటలపాటు ఆ చోటంతా కొవ్వొత్తుల వెలుగుతో, కోపాల్ పొగతో నిండిపోతుంది. బయట వీధుల్లో తినుబండారాల దుకాణాలు, సంగీతం, తోపులాట. జాతర, జాగరణ ఒక గోడకు అటూ ఇటూ సర్దుకున్నాయి. వహాకా లోయలోని హోహోకోత్లాన్‌లో అక్టోబర్ 31 రాత్రి శ్మశానం ఇలాగే కిక్కిరిసిపోతుంది. వహాకా ప్రాంతంలో బంధుమిత్రులు ఒకరి పీఠానికి మరొకరు రొట్టెలు, పూలు, కొవ్వొత్తులు తీసుకెళ్లి, తిరిగి భోజనం అందుకునే ఇచ్చిపుచ్చుకోలు ‘గెలగెత్సా’ అనే పాత పద్ధతికి కొనసాగింపు. పెళ్లి చదివింపులు పుస్తకంలో రాసుకొని, వారి ఇంటి శుభకార్యానికి అంతకు అంత తిరిగి చదివించే తెలుగు ఇళ్లకు ఈ లెక్క సులభంగా అర్థమవుతుంది. పర్యాటకుడు ఉత్త చేతులతో వెళ్లి ఫొటో తీసుకొని రావడం అక్కడ ఎందుకు వెలితిగా అనిపిస్తుందో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది.

యుకతాన్ ద్వీపకల్పపు మాయా ప్రజలు ఈ రోజులను ‘హనాల్ పిషాన్’, ఆత్మల భోజనం, అంటారు. నేలలో గొయ్యి తవ్వి, అరటాకుల్లో చుట్టి కాల్చే మొక్కజొన్న పిండి, కోడిమాంసపు వంటకం దానికి కేంద్రం. అదే ప్రాంతంలో, కంపేచే రాష్ట్రపు పోముచ్ ఊరిలో, మరణించిన మూడేళ్ల తర్వాత ఎముకలను వెలికితీసి చెక్కపెట్టెలో, కుట్టుపని చేసిన గుడ్డపై అమర్చుతారు. ఏటా పండుగకు ముందు కుటుంబసభ్యులు వాటిని ఒక్కొక్కటిగా తుడిచి, గుడ్డ మార్చుతారు. పండుగకు కొత్త బట్ట అన్నమాట. బయటివారికి ఇది భయం గొలిపే దృశ్యం కావచ్చు, చేసేవారికి తల దువ్వడం వంటి పని. చియాపాస్ రాష్ట్రంలోని చమూలాలో, త్సోత్సిల్ ఆదివాసీ సమాజంలో, నియమం ఒక్క మాటలో ఉంది: చర్చిలోనూ ఆచారాల సమయంలోనూ ఫొటోలు నిషిద్ధం. అక్కడ దాన్ని సూచనగా కాదు, చట్టంగా అమలు చేస్తారు.

మైల అనే మాట లేని చోట

తెలుగు పర్యాటకుడిని ఆశ్చర్యపరిచేది చావు పట్ల చనువు కాదు. పోయినవారికి ఇష్టమైనవి వండి ఫొటో ముందు పెట్టడం, కోస్తా జిల్లాల్లో సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టుకోవడం, తెలంగాణలో పెత్రమాస నాడు పెద్దల పేరిట బియ్యం ఇచ్చి అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడటం, ఇవన్నీ ఇంట్లో ఉన్నవే. వింతగా తోచేది శ్మశానంలో కూర్చొని తినడం, పిల్లలను అక్కడ ఆడుకోనివ్వడం, తిరిగి వచ్చాక స్నానం చేయకుండానే ఇంట్లోకి వెళ్లడం. అంటే, అక్కడ మైల అన్న భావన లేకపోవడం.

అయితే దీన్ని భారతదేశానికీ మెక్సికోకూ మధ్య తేడాగా చెప్పడం సరికాదు. ఆ భావనకు కులమూ మతమూ హద్దులు గీశాయి. కరీంనగర్‌లోని కార్ఖానాగడ్డ శ్మశానంలో దళిత కుటుంబాలు దీపావళిని సమాధుల దగ్గరే జరుపుకొంటాయి. ముందే సమాధులు శుభ్రం చేసి రంగులు వేస్తారు, పూలతో అలంకరిస్తారు, పోయినవారికి ఇష్టమైన పదార్థాలు పెట్టి దీపాలు వెలిగిస్తారు, టపాసులు కాలుస్తారు. ఇటు తెలుగు క్రైస్తవులు నవంబర్ 2నే సమాధుల పండుగగా కొవ్వొత్తులతో, పూలతో సమాధుల తోటలకు వెళ్తారు. అది పోలిక కాదు, మెక్సికోతో సహా కేథలిక్ ప్రపంచమంతా పాటించే అదే రోజు.

పర్యాటకం ఒత్తిడి ఎలా పనిచేస్తుంది

డబ్బు రావడం ఊళ్లకు నష్టమని అనలేం. పూలు పండించే ప్వెబ్లా రైతులకు, కాగితం కత్తిరించే కుటుంబాలకు, రొట్టెల బట్టీలకు ఏడాది ఆదాయంలో పెద్ద భాగం ఈ కొద్దిరోజుల్లోనే వస్తుంది. సమస్య డబ్బు పారే దారిలో ఉంది. శ్మశానంలో సమాధి అలంకరించేది ఒక కుటుంబం, దాన్ని చూపించి రుసుము తీసుకునేది నగరంలోని టూర్ సంస్థ. చూడదగిన దృశ్యానికి ఖర్చు పెట్టినవారికీ దాని రాబడికీ సంబంధం తెగిపోతుంది. వహాకా నగరంలో అద్దెలు పెరిగి స్థానికులు ఊరి మధ్య నుంచి ఖాళీ చేయాల్సి రావడంపై 2024 జనవరిలో నిరసన ప్రదర్శన జరిగింది. దానికి ఈ పండుగ ఒక్కటే కారణం కాకపోయినా, రద్దీ అత్యధికంగా ఉండే రోజులు ఇవే.

రెండో ఒత్తిడి రూపం మీద పడుతుంది. ఫొటోలో ఏది బాగా వస్తుందో అది పెరుగుతుంది, రానిది తగ్గుతుంది. సమాధి దగ్గర పుర్రె రంగు ముఖాలు పాత జాగరణల్లో భాగం కావు. నగరం నుంచి, తెరల నుంచి అవి ఊళ్లకు వచ్చాయి. ప్రార్థన చెప్పించడం, మృతుల పేర్లు చదవడం వంటి కంటికి కనపడని పనులకు ఆ అదృష్టం లేదు.

మెక్సికన్లు చావును చూసి నవ్వుతారన్న మాటను కూడా ఈ కోవలోనే చూడాలి. కవి ఒక్తావియో పాస్ 1950లో ఈ భావనకు ప్రచారం తెచ్చాడు, పర్యాటక పత్రికలు దాన్ని నినాదం చేసుకున్నాయి. 2022లో ఆ దేశంలో అధికారికంగా నమోదైన అదృశ్యమైనవారి సంఖ్య లక్ష దాటింది. వారి కుటుంబాలకు ఈ పండుగ పెట్టే ప్రశ్న కఠినమైనది. ఒఫ్రెండాపై ఫొటో పెట్టడమంటే ఆ మనిషి చనిపోయాడని ఒప్పుకోవడమే. 2014 సెప్టెంబర్‌లో అదృశ్యమైన అయోత్సినాపా కళాశాల విద్యార్థులు 43 మంది తల్లిదండ్రుల నినాదం నేటికీ ‘బతికుండగా తీసుకెళ్లారు, బతికుండగానే కావాలి’ అన్నదే. నవ్వు అనే వివరణ ఆ ఇళ్ల గుమ్మం దాటి లోపలికి వెళ్లలేదు.

వెళ్లేవారికి కొన్ని వాస్తవాలు

చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా లేదా అక్కడి శాశ్వత నివాస హక్కు ఉన్న భారతీయులకు మెక్సికో పర్యటనకు వేరే వీసా అక్కర్లేదు కాబట్టి, అమెరికాలోని తెలుగువారికి ఈ ప్రయాణం సులభం. అయితే వారు ఎక్కువగా వెళ్లే కాన్‌కూన్ సముద్రతీరం ఈ పండుగకు సరైన చోటు కాదు. మెక్సికో సిటీకి ప్వెబ్లా దగ్గర, వహాకా కొంత దూరం. బసలు చాలా నెలల ముందే నిండిపోతాయి. మెక్సికో సిటీ, పాట్స్‌క్వారో రెండూ సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైన ఉన్నవి కావడంతో నవంబర్ రాత్రి శ్మశానంలో చలి గట్టిగానే ఉంటుంది. మిచోవకాన్ విషయంలో భద్రత ప్రశ్న కూడా ఉంది. 2025 నవంబర్ 1న, పండుగ కార్యక్రమం జరుగుతున్న కూడలిలోనే, ఉరుయాపాన్ మేయర్ కార్లోస్ మాన్సో హత్యకు గురయ్యారు. ఆ రాష్ట్రానికి ప్రయాణాలపై అమెరికా ప్రభుత్వం తీవ్రమైన హెచ్చరికలు జారీచేస్తూ వచ్చింది.

ప్రవర్తన విషయంలో పెద్ద నియమావళి ఏమీ లేదు. అడగకుండా ఫొటో తీయకపోవడం, సమాధుల మీదుగా నడవకపోవడం, పీఠంపై ఉన్నదాన్ని ముట్టుకోకపోవడం, వెళ్లేటప్పుడు ఒక కొవ్వొత్తి తీసుకెళ్లడం చాలా ఊళ్లలో సరిపోతుంది. పెట్టిన భోజనం వద్దనడం మాత్రం చిక్కు. శాకాహారులు ముందే తెలుసుకోవలసింది ఏమిటంటే, తమాలే పిండిలో సాధారణంగా పందికొవ్వు ఉంటుంది, మోలే ఎక్కువగా కోడిమాంసంతోనే వడ్డిస్తారు. రొట్టె, చాక్లెట్ పానీయం, ముడి బెల్లం పాకంలో ఉడికించిన గుమ్మడికాయ వారికి దొరికే దారులు, రొట్టెలో గుడ్డు ఉంటుందన్న సంగతి గుర్తుంచుకుంటే.

నవంబర్ 2 సాయంత్రానికో 3 ఉదయానికో పీఠాన్ని ఎత్తేస్తారు. మృతులు రుచి తీసుకొని వెళ్లిపోయాక మిగిలిన రొట్టెలు, పండ్లు, తమాలేలు బుట్టల్లో సర్ది ఇరుగుపొరుగుకు, జ్ఞాతులకు, బాప్తిస్మంలో పిల్లల బాధ్యత తీసుకున్న జ్ఞానపితలకు పంచుతారు. యుకతాన్‌లో ఎనిమిదో రోజున మళ్లీ వండి వీడ్కోలు పలికే పద్ధతి ఉంది. దారిన పోయే మనిషి చేతిలో కూడా ఒక రొట్టె పెట్టేంత తీరిక ఇళ్లకు దొరికేది ఆ పంపకాల ఉదయానే. అప్పటికి టూర్ బస్సులు చాలావరకు విమానాశ్రయం దారి పట్టి ఉంటాయి.